ఆదివారం ఇల్లు

మార్కండేయకు పల్లెటూరి పిచ్చి ఫోన్‌లోంచి పట్టింది. నాందేడ్‌లో అతని కోచింగ్ క్లాసుకు పెద్ద పేరు. కూడళ్లలో ఫ్లెక్సీల మీద చేతులు కట్టుకుని నవ్వే ఫిజిక్స్ సారు అతనే. అలాంటి మనిషి కంచం ముందు పెట్టుకుని, ఎవరెవరో పట్నం వదిలి మట్టిళ్లు కట్టుకున్న వీడియోలు చూస్తూ అన్నం చల్లార్చుకునేవాడు.

"ఇది బతుకేనా నర్మదా? పొగ, హారన్లు. మట్టి వాసన చూసి ఎన్నేండ్లయింది మనం?"

భార్య నర్మద బిలోలి పక్క పల్లెలో పుట్టి పెరిగింది. మట్టి వాసన అనగానే ఆమెకు పేడ ఎత్తిన చేతులే గుర్తొచ్చేవి.

"బాల్కనీల కుండీలకు నీళ్లు పొయ్యిండ్రి, వస్తది వాసన," అంది.

అతను కుండీల వైపు చూడలేదు. కైలాశ్ అనే బ్రోకరుకు ఫోన్ చేశాడు.

కైలాశ్ మొదట ముద్‌ఖేడ్ దాటాక ఒక ఫామ్‌హౌస్ చూపించాడు. దారి పొడవునా వర్ణించాడు. తీరా వెళ్తే అక్కడ ప్లాస్టిక్ గడ్డి పరిచిన జాగా, దాని మధ్యలో రేకుల షెడ్డు, షెడ్డు ముందు సిమెంటు జింక ఉన్నాయి.

"సాహెబ్, ఇక్కడ ఆక్సిజన్ బాగుంటది," అన్నాడు కైలాశ్.

"నీళ్లో?" అని నర్మద అడిగింది.

"స్కీముల ఉన్నయి మ్యాడమ్. వస్తయి."

రెండోది గాలి తిరిగేదాకా బాగానే ఉంది. గాలి తిరిగాక అవతలి కోళ్లఫారాల సంగతి తెలిసింది. నర్మద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది గూడ నేచరేనా తమ్మీ?" అని అడిగితే కైలాశ్ కారు తాళాలు వెతుక్కున్నాడు.

మూడోది సగరోళి వైపు ఒక పల్లెలో శివవ్వ ఇల్లు. గూనపెంకుల కప్పు, టేకు స్తంభాలు, నడుమ వాకిలి. లోపల అడుగుపెడితే అరికాళ్లకు బండల చల్లదనం తగిలింది. ఒక్క క్షణం నర్మదకు ఇల్లు నచ్చింది కూడా. అంతలో మార్కండేయ స్తంభాన్ని కౌగిలించుకుని ఫోటో తియ్యమన్నాడు. ఆ క్షణం కాస్తా పోయింది.

శివవ్వకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి ఒక్కతే ఉంటోంది. నడుముకు ఫోన్ దోపుకుని, అతని సంబరాన్ని గుమ్మంలో నిలబడి చూసింది.

"ఈ గోడలు ఊపిరి పీల్చుకుంటయి, తెలుసా మీకు?" అన్నాడు మార్కండేయ.

"ఊపిరి గాదు సారూ, వాననీళ్లు పీల్చుకుంటయి. శ్రావణంల వచ్చి చూడుండ్రి. ఇంతకు ఉండనీకి ఎప్పుడొస్తరు?"

"ప్రతి ఆదివారం."

"ఆదివారమేనా? తక్కిన దినాలు ఎవరు ఊడుస్తరు?"

మార్కండేయ మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు. క్లాసులో కష్టమైన లెక్క మొదలుపెట్టేటప్పుడు పెట్టే ముఖం పెట్టాడు. "అదే చెప్తున్న. వెనక గదిల మీరే ఉండుండ్రి. నెలకింత జీతమిస్త. మీకు ఇల్లు విడిచిన బాధ ఉండదు, మాకు నమ్మకమైన మనిషి ఉంటది."

నర్మద కళ్లు మూసుకుంది. తన ఇంట్లోనే తనను పనిమనిషిగా పెట్టుకుంటానన్న మనిషిని శివవ్వ అలాగే చూస్తూ నిలబడింది. అతను దాన్ని సమ్మతి అనుకున్నాడు. అడిగిన ధరకు కొంచెం తగ్గించి ఇస్తానని చెప్పి, షరతులు మొదలుపెట్టాడు. పక్కింటి మారోతి బర్రెలను ఇంకోచోట కట్టెయ్యాలి. పొద్దున భజన మైకు అవతలి వైపు తిప్పాలి. ఆడవాళ్లు నీళ్లకు నల్లా దగ్గరికి ఈ వాకిలిలోంచి నడవకుండా అడ్డంగా గోడ లేపుకుంటాడు.

"పల్లె కావాలని వస్తిరి," అంది శివవ్వ. "బర్లొద్దు, భజనొద్దు, మనుషులొద్దు. ఇగ మిగిలింది ఏంది సారూ?"

"సాహెబ్ చెప్పేది ఏందంటే..." అని కైలాశ్ అందుకున్నాడు.

"నువ్వాగు తమ్మీ. సారూ, మీకు మీ ఇల్లు పడ్తలేదు. నాకు నా ఇల్లు పడ్తలేదు. మార్చుకుందమా? మీరిక్కడ రోజూ ఉండుండ్రి. నేను నాందేడ్ పోత."

మార్కండేయ ముఖం పాలిపోయింది. "అట్లెట్ల? క్లాసులుంటయి గదా... ఆ డాక్టర్లు, అవీ ఇవీ..."

నర్మద పైకే నవ్వేసింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, ఆపుకోవడం చేతకాలేదు. వెళ్లేటప్పుడు శివవ్వ ఆమె నంబరు అడిగి తీసుకుంది.

దారంతా మార్కండేయ ఫోన్‌లో ఆ స్తంభాల ఫోటోలే చూసుకున్నాడు. ఇల్లు చేరేసరికి పట్టుదల పెరిగింది. మరునాడు ఫోన్ చేసి, ధర పెంచి, మైకు షరతు వదులుకున్నాడు. అప్పటికే శివవ్వ ఇల్లమ్మడానికి మారోతి దగ్గర బయానా డబ్బులు తీసుకుంది. మారోతి ఇచ్చేది తక్కువే, కానీ ఏ షరతూ పెట్టలేదు. బర్రెలకు గడ్డి నిల్వ చెయ్యడానికి కొన్నాడు.

"గడ్డి కోసమా! అసుంటి స్తంభాలు!" అని మార్కండేయ చిందులు తొక్కాడు.

"బర్లు రోజూ ఉంటయి గదా, ఆదివారమే గాదు," అంది నర్మద.

వారం తిరక్కముందే శివవ్వ ఆమెకు ఫోన్ చేసింది. "అక్కా, నాందేడ్‌ల నాకేమన్న చూడు. తలుపు తీస్తే మనుషులు కనవడాలె. చాలు."

వాళ్ల బిల్డింగులోనే కింద అంతస్తు ఖాళీగా ఉంది. శివవ్వ బస్సెక్కి వచ్చింది. అన్ని నల్లాలూ తిప్పి చూసింది, నీళ్లెప్పుడొస్తాయో అడిగింది, గేటు దగ్గర నిలబడి రోడ్డును తీరిగ్గా చూసింది. ఓనరుకు తానివ్వగలిగిన అద్దె ఒకే మాటలో చెప్పింది. వంటింట్లో పగిలిన గచ్చు తానే వేయించుకుంటానంది. నర్మద చాయ్ తెచ్చేసరికి బేరం కుదిరిపోయింది.

ఒక సాయంత్రం మార్కండేయ క్లాసు నుంచి వచ్చేసరికి శివవ్వ గేటు పక్కన కుర్చీ వేసుకుని, ఆటోలు పోతుంటే పండగ చూసినట్టు చూస్తోంది.

"ఏం సారూ, దొరికిందా ఇల్లు?"

"చూస్తున్నం," అని గబగబా మెట్లెక్కేశాడు.

పైన నర్మద సంచీ పట్టుకుని బయలుదేరుతోంది. అతను చెప్పులు విడవకుండానే ఫోన్ చూపించాడు. "గోకుంద దిక్కు ఒకటుందట. అడవి పక్కనే. శుద్ధమైన నిశ్శబ్దమట. ఆదివారం పోదాం."

"మీరు పోయి రాండ్రి. నిశ్శబ్దానికి గూడ ఏమన్న షరతులుంటే చెప్పి రాండ్రి," అంది నర్మద. "నేను శివవ్వతోని బజారుకు పోతున్న."