ఎండుగడ్డి రంగు

మా ఆయన లేలండ్‌కు రెండే నమ్మకాలు. ఒకటి చర్చిలో ఉంటుంది, రెండోది మా నేలమాళిగలోని ఇనప బీరువాలో. ఆ బీరువా నిండా పాత పిస్తోళ్ళు. మా పెళ్ళయ్యాక ఆయన వాటిలో ఒక్కదాన్ని పేల్చడం కూడా నేను చూడలేదు. ఆయనకు కావలసింది ఒకటే, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో పిస్తోలు అలాగే ఉండాలి. అరిగితే అరగనీ, గీతలు పడితే పడనీ. ఎవరైనా దానికి రంగు పట్టించి కొత్తదానిలా చేశారో, ఆయన లెక్కలో అది శవానికి పౌడరు రాయడమే.

అలాంటి మనిషి ఇంటికి కోడలై వచ్చింది జొనెల్. మిసిసిప్పీ పిల్ల. మా ఇండియానాలో అందరం పేర్లతోనే పిలుచుకుంటాం, ఆ పిల్ల మాత్రం వాళ్ళ దక్షిణాది మర్యాద కొద్దీ నన్ను 'మిస్ ఆర్డిత్' అంటుంది, ఆయన్ని 'సర్' అంటుంది. ఆయన తిరిగి ఏమని పిలవాలో తెలియనట్టు అసలు పిలవడు. 'కర్ట్ భార్య కారు అడ్డంగా పెట్టింది', 'కర్ట్ భార్యకు కాఫీ కావాలేమో కనుక్కో' అని నాతో చెబుతాడు, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఉన్నా సరే.

మా అబ్బాయి కర్ట్ లారీ నడుపుతాడు. అప్పట్లో ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటూ మా వీధి చివర ఒక ఇల్లు చూసుకున్నారు. అది తీసుకోవాలా, జొనెల్ పుట్టింటి వైపు వెళ్ళిపోవాలా అన్నది తేలలేదు. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ జొనెల్ నాతో అనేసింది. "ఊరు బాగానే ఉంది మిస్ ఆర్డిత్. కానీ ఆయనకి నేను చుట్టంచూపుగా వచ్చినదాన్నే. బతుకంతా చుట్టంలా ఉండలేను కదా."

మా ఆయన మీద ఒళ్ళు మండింది. ఆ పిల్ల వెళ్ళిపోతుందేమోనని దిగులూ పట్టుకుంది.

మార్చి నెలలో మా సంత మైదానం హాల్లో పాత ఆయుధాలు సేకరించేవాళ్ళ ప్రదర్శన జరుగుతుంది. దానికోసం లేలండ్ తన ప్రాణంలాంటి లూగర్ పిస్తోలును బయటికి తీసి, వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి, ముక్కలుగా విప్పి పెట్టాడు. అది 1913లో బెర్లిన్‌లో తయారైంది, వాళ్ళ నాన్న యుద్ధం నుంచి సంచిలో వేసుకొచ్చాడు. ఒళ్ళంతా నీలినలుపు. ట్రిగ్గరు, సేఫ్టీ మీట లాంటి చిన్న భాగాలు మాత్రం ఎండుగడ్డి రంగు. ఆ రోజుల్లో ఉక్కును సన్నటి సెగ మీద కాల్చి ఆ రంగు తెప్పించేవారు. వందేళ్ళు దాటినా ఆ పసుపు నిలిచి ఉండటమే గొప్ప. తెలిసినవాళ్ళు ముందుగా భూతద్దం పెట్టేది అక్కడే.

ఆయన పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నేను చర్చి విందుకు ఆపిల్ పైలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి జొనెల్ బల్ల దగ్గర నిలబడి వెలిగిపోతున్న ముఖంతో ఉంది.

"చూడండి మిస్ ఆర్డిత్. చిన్న ముక్కలన్నీ తుప్పు పట్టి పసుపెక్కిపోయాయి. పాపం, ఆయన కళ్ళకి ఆనలేదేమో. స్టీలు పీచుతో తోమేశాను. ప్రదర్శనకి వెళ్ళేది బాగుండాలి కదా."

ట్రిగ్గరూ మీటా చెంచాల్లా తెల్లగా తళతళలాడుతున్నాయి.

"ఏమైంది? పాడుచేశానా?"

"అది తుప్పు కాదమ్మా. దాని రంగే అది."

ఆ పిల్ల కుర్చీలో కూలబడింది. అంతలోనే లేలండ్ వచ్చాడు, సగం మూతి ఇంకా మొద్దుబారే ఉంది. ట్రిగ్గరును కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తోమావా?"

"అవును సర్. స్టీలు పీచుతో."

"ఊఁ."

అంతే. ముక్కలన్నీ గుడ్డలో మూటగట్టుకుని కిందికి దిగిపోయాడు.

జొనెల్ ఫోనులో వెతికి వెతికి, భోజనాల దగ్గర ధైర్యం చేసింది. "ఓవెన్‌లో వేడి చేస్తే ఆ రంగు మళ్ళీ వస్తుందట సర్. నేనే చేసిస్తాను. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుస్తుంది," అన్నాడాయన. "ఇప్పుడు తెచ్చే రంగు అబద్ధం. అలాగే ఉండనీ."

ఆయన తన సిద్ధాంతం చెప్పాడు. ఆ పిల్లకు వినపడింది 'నువ్వు వద్దు' అని. కాసేపటికి పైన సూట్‌కేసు జిప్పు చప్పుడు వినిపించింది. లారీ మీద వెళ్ళిన కర్ట్ ఆదివారం వస్తాడు, రాగానే ఇద్దరూ మిసిసిప్పీ వెళ్ళిపోతారు.

నేను ఊరుకోలేకపోయాను. "ఇనప ముక్క మీద రంగు పోయిందని మనుషుల్ని పోగొట్టుకుంటావా?"

"నేనేమన్నానని?"

"ఏమీ అనలేదు. నీకున్న జబ్బే అది."

శనివారం, ప్రదర్శన రోజు పొద్దున ఆయన పెట్టెలు కారులో సర్దుతూ, "తనని కూడా రమ్మను," అన్నాడు.

"నోరు నీకూ ఉంది. నువ్వే పిలు."

మెట్ల కింద నిలబడి గొంతు సవరించుకున్నాడు. "జొనెల్. కోటు వేసుకుని రా. హాల్లో చలిగా ఉంటుంది."

ఆ పేరు ఆయన నోట వినడం నాకు అదే మొదలు. పాపం ఆ పిల్ల శిక్ష వేయడానికి పిలిచారనుకుంది కాబోలు, దారంతా గ్లవ్సు నలుపుతూనే ఉంది.

లూగర్‌ను ఇంట్లోనే వదిలేస్తాడనుకున్నాను. తెచ్చి బల్లకు సరిగ్గా నడుమ పెట్టాడు. మా బల్ల దగ్గరికి మొదట వచ్చింది డెల్మర్, ఆయనలాగే పాత పిస్తోళ్ళు సేకరించేవాడు. మా ఆయన్ని దెప్పడానికే పుట్టాడు. డెల్మర్ తన కోల్ట్ పిస్తోలుకు కొత్త రంగు వేయించాడని లేలండ్ ఒకప్పుడు నెలరోజులు అతనితో మాట్లాడలేదు, ఆ కసి ఇంకా ఉంది. భూతద్దం తీసి వంగాడు.

"ఓరి నాయనో. ఇదేంటి లేలండూ, ఎవడో బాణలి తోమినట్టు తోమాడు దీన్ని. వాడి చేతులు విరగ్గొట్టాలి."

జొనెల్ తల దించుకుంది.

"వాడు కాదు," అన్నాడు లేలండ్. "మా అమ్మాయి."

"నీకు అమ్మాయెక్కడిదయ్యా?"

"ఇదిగో, నీ ముందు నిలబడింది." ఆయన పిస్తోలు చేతిలోకి తీసుకున్నాడు. "చేసినవాళ్ళు బెర్లిన్‌లో ముద్రలేశారు. మా నాన్న పిడి మీద గాటు పెట్టాడు. మా అమ్మాయి తోమింది. దీనికేం జరిగిందో అదే దీని మీదుంది, దొంగ రంగు చుక్క కూడా లేదు. ఇంతకంటే అసలైనది ఈ హాల్లో ఉంటే చూపించు."

"బాగా వెనకేసుకొచ్చావులే. నా కోల్ట్ మీద ఇంత దయ లేదే నీకు."

"నువ్వు మా ఇంటి పిల్లవి కాదుగా."

డెల్మర్ పకపకా నవ్వుకుంటూ కాఫీకి పోయాడు. జొనెల్ ఏడుస్తోంది. నేను కాగితం రుమాలు ఇచ్చాను. ఇంతకాలం ఈ మనిషితో కాపురం చేసినందుకు ఆ పూట నాకు గర్వమనిపించింది.

లేలండ్ తన పక్కకి ఒక కుర్చీ లాగాడు. జొనెల్ చేతిలో భూతద్దం, ఇంకో పాత పిస్తోలు పెట్టాడు.

"చూసి చెప్పు. రంగా, తుప్పా?"

ఆ పిల్ల ముక్కు తుడుచుకుని చాలాసేపు చూసింది. "రంగే సర్."

"తుప్పు," అన్నాడాయన. "అయినా పీచు వద్దు. నూనె చాలు."

"సరే," అంది జొనెల్, కళ్ళు భూతద్దం మీంచి తీయకుండానే. "ఇకమీదట ఏది ముట్టుకోవాలన్నా వచ్చి అడుగుతాను. వీధి చివరి ఆ ఇంటి నుంచి ఇక్కడికి ఎంతసేపు నడక?"