కొసరు ఇసుక

తిరువూరు బస్టాండుకి ఎదురు సందులో కోదండరామయ్య కిరాణా కొట్టు పొద్దున్నే ఆరున్నరకి తెరుచుకుంటుంది. ముందు షట్టరు ఎత్తడం, తర్వాత గుమ్మంలో నీళ్ళు చల్లడం, దేవుడి పటానికి రెండు అగరొత్తులు, ఆ తర్వాత కాటా మీద దుమ్ము తుడవడం. ఎలక్ట్రానిక్ కాటా వచ్చి పదేళ్ళు దాటినా ఆయన చేతికి మాత్రం పాత తక్కెడ అలవాటే ఉండిపోయింది. కిలో పంచదార అడిగితే, మిషను కిలో అని చూపించాక కూడా కుడిచెయ్యి దానంతటదే గోనెలోకి వెళ్ళి, ఇంకాస్త తెచ్చి పొట్లంలో పడేస్తుంది. అదే కొసరు. వాళ్ళ నాన్నా అంతే, తాతా అంతే. కొసరెయ్యకుండా పొట్లానికి దారం చుట్టాలంటే ఆయనకి చొక్కా లేకుండా బజార్లో నిలబడినట్టు ఉంటుంది.

కొట్టు వెనకే ఇల్లు. ఇంట్లో భార్య సుబ్బరత్నం మంచమెక్కి ఎనిమిది నెలలైంది. వాళ్ళకి ఒక్కతే కూతురు, భానుశ్రీ. డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా జ్వరం వచ్చి, విజయవాడ ఆసుపత్రిలో ఆరో రోజున పోయింది. అప్పటినుంచీ సుబ్బరత్నం పళ్ళెం ముందు కూర్చుంటే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. ఎవరు పలకరించినా ఒకటే మాట.

"దేవుడు కూడా కొట్టు పెట్టుకున్నాడమ్మా. నా పిల్లకి సరిగ్గా పంతొమ్మిదేళ్ళు తూచి ఇచ్చాడు. కొసరు వెయ్యడానికి ఆయనకి చెయ్యి రాలేదు."

చూసిన డాక్టరు బయటికొచ్చి కోదండరామయ్య భుజమ్మీద చెయ్యేశాడు. "ఇలాగే ఉంటే ఆవిడ మనకి దక్కదండీ. మందులతో పోయే జబ్బు కాదిది. ఏదో ఒకటి చేసి లేపండి."

ఆ ఏదో ఒకటి ఏమిటన్నది కోదండరామయ్యకి వారం రోజులకి తట్టింది. భానుశ్రీ రెండేళ్ళ కిందట కాలేజీ వాళ్ళతో కలిసి అడుగుల లంకకి టూరు వెళ్ళొచ్చింది గదా!

కృష్ణలో ఉన్న లంకల్లో అదొకటి. చెట్టూ లేదు, చేమా లేదు, ఉన్నదంతా ఇసుకే. అక్కడ ఎవరు చెప్పుల్లేకుండా నడిచినా ఆ అడుగు అలాగే ఉండిపోతుంది. వానకి చెరగదు, వరదకి చెరగదు. మనిషి బతికున్నన్నాళ్ళూ అడుగు పొడిగా ఉంటుంది, పోయిన రోజున తడుస్తుంది. పోయినవాళ్ళ అడుగు ఒక్కటి ఎత్తుకెళ్ళి ఇంట్లో పెట్టుకుంటే, ఆ ఇసుక తడి ఆరేదాకా మనిషి ఇంట్లో తిరుగుతాడు. మనిషి కనిపించడు, అడుగులే. కృష్ణ ఒడ్డు వాళ్ళకి ఇదేం వింత కాదు. పొద్దున పదింటికి పడవ, మధ్యాహ్నం పులిహోర పొట్లం, నాలుగింటికి తిరుగు పడవ, అన్నీ టికెట్లోనే.

మంగళవారం కొట్టుకి సెలవు పెట్టి ఆయన మొదటి బస్సెక్కాడు. పడవలో పాతికమంది దాకా ఉన్నారు. గైడు పేరు జ్ఞానమణి. నలభై ఏళ్ళుంటాయి, మెడలో ఈల, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర.

"చెప్పులు పడవలోనే వదలండి. నా వెనకే ఒకే వరసలో రండి. పాత అడుగుల మీద కాలు పెట్టారో, ఈలేసి అందరిముందూ పరువు తీస్తాను. పోయినవాళ్ళ కోసం వచ్చినవాళ్ళు నాతో చెప్పండి. ఒక మనిషికి ఒక్క అడుగు. పక్క అడుగు ముట్టుకోకూడదు. సరేనా సార్?"

"సరేనమ్మా," అన్నారందరూ బడిపిల్లల్లాగా.

విస్సన్నపేట నుంచి వచ్చిన పరబ్రహ్మం గారని ఒక రిటైరైన మేష్టారు తన పాత అడుగు వెతుక్కుని, వంగి, వేలితో తడిమి చూసుకున్నాడు.

"పొడిగానే ఉందా మేష్టారూ?" అంది జ్ఞానమణి.

"వేయించిన మరమరాల్లా ఉందమ్మా!"

"అయితే మా బాబాయ్ ఇంకో పదేళ్ళు పెన్షను తింటాడు," అన్నారెవరో. అందరూ నవ్వారు. కోదండరామయ్య కూడా నవ్వబోయాడు గాని మొహం సహకరించలేదు.

జ్ఞానమణికి లంకంతా కంఠతా వచ్చు. "రెండేళ్ళ కిందట ఫిబ్రవరా? డిగ్రీ కాలేజీ ఆడపిల్లలా? రండి, పడమటి వైపు," అని తీసుకెళ్ళింది. అక్కడ ముప్ఫై నలభై మంది పిల్లల అడుగులు, గెంతినవి, పరిగెత్తినవి, ఒంటికాలి మీద తిరిగినవి, అన్నీ పొడిగా, తెల్లగా ఉన్నాయి. వాటి మధ్య ఒక్క వరస నల్లగా తడిసి ఉంది. బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. కుడికాలు కాస్త బయటికి తిప్పి వేసిన నడక. అచ్చం తన నడకే.

ఆయన ఇసుకలో కూలబడిపోయాడు. జ్ఞానమణి కాస్త దూరం వెళ్ళి నది వైపు తిరిగి నిలబడింది.

చాలాసేపటికి ఆయన జేబులోంచి పాత దినపత్రిక కాగితం తీశాడు. పొట్లం కట్టడంలో ఆయన్ని మించినవాడు తిరువూర్లో లేడు. కూతురి కుడి అడుగు చుట్టూ అరచేతులు పెట్టి, మడమ నుంచి వేళ్ళ దాకా ఒక్క రేణువు పోకుండా కాగితంలోకి ఎత్తాడు. కళ్ళ నిండా నీళ్ళు. కాగితం అంచులు మడవబోయాడు. అప్పుడే, ఆయనకి తెలియకుండానే, కుడిచెయ్యి పక్కకి వెళ్ళి ఇంకొంచెం తడి ఇసుక తెచ్చి పొట్లంలో వేసింది.

దారం చుట్టేశాక గానీ ఏం చేశాడో ఆయనకి తెలియలేదు. తెలిశాక కూడా, అది కూడా మా పిల్లదేలే, తడిగానే ఉందిగా అనుకున్నాడు. అలా అనుకోవడం తేలిక.

ఇంటికొచ్చి ఆ ఇసుకని కొత్త మూకుట్లో పోసి నడవలో పెట్టాడు. తెల్లారేసరికి బాత్రూమ్ నుంచి అద్దం దాకా తడి అడుగులు, అద్దం ముందు చాలాసేపు నిలబడ్డట్టు చిన్న మడుగు, అక్కణ్ణుంచి ఫ్రిజ్ దగ్గరికి, ఫ్రిజ్ దగ్గర్నుంచి కొట్లో స్టూలు దాకా. స్టూలు కింద ఒక పాదమే. రెండోది ఎప్పట్లాగే పైకి పెట్టుకుని కూర్చుందన్నమాట.

"ఏమండీ," అని పిలుపు వినబడింది. కోదండరామయ్య వెళ్ళేసరికి సుబ్బరత్నం నడవలో నేలమీద కూర్చుని ఉంది. మంచం దిగింది, ఎవరూ పట్టుకోకుండా. తడి అడుగు పక్కన అరచెయ్యి ఆనించి, "తల సరిగ్గా తుడుచుకోలేదు చూడండి, ఇల్లంతా నీళ్ళే," అంది. చాలా నెలల తర్వాత మొదటిసారి ఆవిడ కూతుర్ని తిట్టింది.

ఆ పూట ఉప్మా చేసింది. తనూ తింది.

మూడోరోజు ఆవిడే ఇంకోటి చూసింది. కొట్లో బెల్లం డబ్బా ముందు అయిదు తడి చుక్కలు, శెనగగింజలంత. చిన్నపిల్ల వేళ్ళు. మడమ లేదు. మునివేళ్ళ మీద లేచి డబ్బా అందుకోబోయినట్టు.

"చిన్నప్పటి భానూ కూడా వచ్చిందండీ!" అని ఆవిడ ఒక బెల్లం ముక్క తీసి నేలమీద పెట్టింది. కోదండరామయ్యకి లంకలో పక్కకి వెళ్ళిన తన కుడిచెయ్యి గుర్తొచ్చింది.

తొమ్మిదో రోజు ఫోను మోగింది.

"కోదండరామయ్య గారా? జ్ఞానమణిని సార్, లంక గైడుని. మీరు కిరాణా కొట్టు ఆయన కదా. ఆ రోజు కొసరేమన్నా వేసుకున్నారా సార్?"

ఆయన నడవలో ఉన్న మూకుడు వైపు చూశాడు.

"మీ ఎ.కొండూరు వైపునుంచే శ్రీవల్లి అని ఒకావిడ పోయిన తన పాప అడుగు కోసం వచ్చింది. చూస్తే మడమే ఉంది, వేళ్ళు లేవు. ఉన్నది ఆ ఒక్క తడి అడుగే సార్, మిగతా దారంతా పాప వాళ్ళమ్మ చంకలోనే ఉందట. ఆవిడ ఆ మడమే కట్టుకుని వెళ్ళింది. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి ఏడుస్తోంది. గుమ్మం దగ్గర ఒక్కటే మడమ గుర్తు పడుతోందట. అక్కణ్ణుంచి పాప కదల్లేకపోతోందట."

ఆయన ఫోను పెట్టేసి పిండి జల్లెడ తీశాడు, చాట తీశాడు. మూకుట్లో ఇసుక జల్లించాడు, చెరిగాడు. యాభై ఏళ్ళుగా బియ్యంలో రాళ్ళేరిన చేతులు. ఇసుకలో ఇసుక ఎలా ఏరతాయి? సుబ్బరత్నం వచ్చి వెనకాల నిలబడింది. చెప్పక తప్పలేదు. అంతా చెప్పాడు.

"ఇవ్వాలంటే మొత్తం ఇచ్చెయ్యాలి రత్నం. మనదేదో వాళ్ళదేదో తెలీదు. పోనీ... ఆవిడకి మడమ ఉందిగా. మనం ఏమీ ఎరగనట్టు ఊరుకుందాం. నువ్వు మళ్ళీ మంచమెక్కితే నేను తట్టుకోలేను."

సుబ్బరత్నం బెల్లం డబ్బా ముందున్న అయిదు చుక్కల్ని చూస్తూ కూర్చుంది.

"మడమతో ఏ పిల్ల నడుస్తుందండీ?" అంది చివరికి. "ఇది ఇక్కడ మునివేళ్ళ మీద, అది అక్కడ మడమ మీద. ఎన్నాళ్ళు నిలబడుతుంది పసిది?"

ఆవిడే కాగితం పరిచింది. మూకుడు వంచి చివరి రేణువు దాకా దులిపింది. దారం చుట్టి గట్టిగా ముడేసింది. ఆయన వస్తానంటే, "కొట్టు చూసుకోండి," అని, ఎనిమిది నెలల తర్వాత గడప దాటి, ఎ.కొండూరు ఆటోలో ఒక్కతే కూర్చుంది. పొట్లం ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. దారిలో ఎవరో, "ఏంటమ్మా అది, ప్రసాదమా?" అంటే, "మా అమ్మాయి," అంది. అడిగినామె సర్దుకుని ఇంకాస్త చోటిచ్చింది.

శ్రీవల్లిది ఒంటి గది ఇల్లు, గుమ్మం పక్కన కుట్టుమిషను. పాతికేళ్ళ పిల్ల. సుబ్బరత్నం పొట్లం చూపించి సంగతి చెప్పింది.

"మా ఆయన చెయ్యి అలాంటిదమ్మా. కావాలని కాదు. తిట్టాలనుంటే నన్ను తిట్టు."

శ్రీవల్లి తిట్టలేదు. పొట్లం చేతిలోకి తీసుకుని, "మీ అమ్మాయి పక్కవేలు పొడుగా పిన్నిగారూ?" అంది.

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు పడవలో మా పక్కనే కూర్చుంది. మా రుచితకి అప్పుడు ఏడాది. ఇంకా అడుగెయ్యడం లేదు. 'అక్కా, పాపని ఒకసారి దించు, నేను నడిపిస్తా' అంది. వేలిచ్చింది. మా పిల్ల మొదటి అడుగు మీ అమ్మాయి వేలు పట్టుకునే వేసింది పిన్నిగారూ. పక్కపక్కనే పడ్డాయి రెండూ. పేరు కూడా అడగలేదు నేను. పోయిన వానాకాలం జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో..."

మిగతాది చెప్పనక్కర్లేకపోయింది. ఇద్దరూ కలిసి రెండు ఇసుకలూ ఒకే గిన్నెలో పోశారు. ఆ పూట శ్రీవల్లి ఆవిణ్ణి పోనివ్వలేదు.

తెల్లారి చూస్తే గుమ్మం దగ్గర మడమ గుర్తు లేదు. గదంతా బుడిబుడి అడుగులు, మడమతో, వేళ్ళతో, నిండుగా. మిషను చుట్టూ, మంచం చుట్టూ, పొయ్యి దాకా వెళ్ళి వెనక్కి. ప్రతి చిన్న అడుగు పక్కనా ఒక పెద్ద అడుగు, పక్కవేలు పొడుగు, ముందుకి కాస్త బరువు పడ్డట్టు. పొడుగు మనిషి వంగి వేలిచ్చి నడిపిస్తే ఎలా ఉంటుందో అలా. శ్రీవల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుబ్బరత్నం మాత్రం, "మెల్లిగా భానూ, మెల్లిగా," అంటోంది.

ఆ తర్వాత ఆవిడ రోజూ పొద్దున్నే ఎ.కొండూరు వెళ్ళొచ్చేది. వెళ్ళాలంటే ఓపిక కావాలి గనక అన్నం తినేది. గిన్నెలో ఇసుక రోజుకింత తెల్లబడుతూ వచ్చింది. నలభై రెండో రోజున చిన్న అడుగులూ పెద్ద అడుగులూ గది దాటి, గడప దాటి, వాకిట్లో మట్టిమీద నాలుగు బారలు వెళ్ళి ఆగిపోయాయి. తిరిగొచ్చిన గుర్తులు లేవు. గిన్నెలో ఇసుక పొడిపొడిగా ఉంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ గడపలోనే కూర్చున్నారు.

అంతటితో ఆవిడ మళ్ళీ మంచమెక్కుతుందని కోదండరామయ్య భయపడ్డాడు. ఎక్కలేదు. మర్నాడు పొద్దున ఆరున్నరకి సుబ్బరత్నం కూతురి స్టూలు లాక్కుని కాటా ముందు కూర్చుంది. ఏడవలేదని కాదు, ఏడుస్తూనే పంచదార తూచింది. కొసరు మాత్రం ఎవరికీ వెయ్యలేదు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

పది రోజుల తర్వాత శ్రీవల్లి దారపు ఉండల కోసం తిరువూరు వచ్చి, అలాగే కొట్టుకొచ్చింది. "అరకిలో బెల్లం ఇవ్వండి పిన్నిగారూ. రుచితకి ఇష్టం, రేపు మాసికం పెడుతున్నాను."

సుబ్బరత్నం బెల్లం తూచింది. మిషను అరకిలో చూపించింది. కాగితం అంచులు మడవబోయి ఆగింది. కుడిచెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళింది.

"తూకం సరిపోయింది గదా పిన్నిగారూ, చాలు."

"ఉండమ్మా," అంది సుబ్బరత్నం, కళ్ళు తుడుచుకోకుండానే ఇంకో ముక్క పొట్లంలో పెడుతూ. "నలభై రెండు రోజులు దేవుడు మనకీ వేశాడుగా."