పెద్దక్క చెప్పిన ప్రార్థనాంశం

కుట్టుపనావిడది దుడుకు నోరని చర్చి సంఘంలో అందరికీ తెలుసు. అలాంటి మనిషి నెల రోజులుగా పంటి బిగువున ఓర్చుకుంటోంది. ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటున్న ఆవిడ కూతురు, రాత్రి డ్యూటీ అయ్యాక తెల్లవారుజామున ఎవరిదో కారులో దిగుతోందని వీధంతా గుప్పుమంది. వీధి నోటికి మూత పెట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు, సరే. కానీ ఈ మాట పుట్టింది వీధిలో కాదు, ప్రార్థనలో.

సంఘం ఆడవాళ్లకు పెద్దదిక్కు పెద్దక్క. ఎవరింటి గుట్టయినా ఆవిడ చెవిన పడితే చాలు, ప్రార్థనాంశం అయిపోతుంది. చాడీగా చెబితే పాపం, కళ్లు మూసుకుని చెబితే భక్తి! ఫలానా చెల్లి కూతురి నడవడి కోసం భారంగా ప్రార్థించండమ్మా అని ఇంటింటికీ ఫోన్లు చేసి మరీ చెప్పింది.

సంగతి తెలిసిన రోజే కూతురు తేల్చేసింది.

"ఇక నేను చర్చికి రానమ్మా. నా గురించి దేవుడికి వాళ్లే చెప్తున్నారుగా."

తల్లికి కడుపు రగిలిపోయింది. ఒకావిడ నోరు పారేసుకుంటే తన బిడ్డకు దేవుడు దూరమవ్వాలా? ఓర్చుకోమ్మా, క్రీస్తు కూడా నింద పడి నోరు మెదపలేదు కదా అన్నారు పాస్టరుగారు. నిజమే, తన మీద పడితే ఆయన మెదపలేదు. ఒక ఆడదాని మీద పదిమంది రాళ్లెత్తినప్పుడు ఊరుకున్నాడా?

ఆ వారం ఆడవాళ్ల ప్రార్థన కూడిక వీళ్లింట్లోనే. కుట్టుమిషన్లు గోడకు జరిపి, గుడ్డముక్కలు ఊడ్చి చాప పరిచారు. ఒకరి తర్వాత ఒకరు పక్కనున్న మనిషి కోసం పైకి ప్రార్థించడం అక్కడి పద్ధతి. పెద్దక్క వచ్చి కుట్టుపనావిడ పక్కనే కూర్చుంది. ఈ చెల్లి కూతుర్ని కార్ల నుంచి, చీకటి స్నేహాల నుంచి తప్పించు తండ్రీ అని గొంతు వణికిస్తూ వేడుకుంది. అందరూ ఆమెన్ అన్నారు. వంటగదిలో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

ఇప్పుడు పెద్దక్క కోసం ప్రార్థించడం కుట్టుపనావిడ వంతు. దెబ్బకు దెబ్బ తీయడానికి ఆవిడ దగ్గర సరుకు లేకపోలేదు. జాకెట్టు కొలతలకు వచ్చినప్పుడు పెద్దక్క, అల్లుడు తన కూతుర్ని పుట్టింటికి ఎందుకు పంపేశాడో చెప్పుకుని భోరున ఏడ్చింది.

"ప్రభువా, పెద్దక్క కూతురు..." అని ఎత్తుకుంది.

పక్కన పెద్దక్క ఊపిరి బిగబట్టడం వినిపించింది. కుట్టుపనావిడకు ఒళ్లు జలదరించింది. తానూ అదే పని చేయబోయింది, అదీ దేవుణ్ణి అడ్డం పెట్టుకుని, ఏ పాపమూ ఎరగని ఇంకో పిల్ల మీద.

"...చల్లగా ఉండాలి. ఆమెన్," అని ముగించి కళ్లు తెరిచింది. కోపం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

"పెద్దక్కా, నా కూతురి మీద మీకేం అనుమానముందో అది దేవుడికి చెప్పకండి. పిల్ల వంటగదిలోనే ఉంది. దాన్నే అడగండి."

పెద్దక్క కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం గబగబా కదులుతున్నాయి. కూతురు చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాటి వచ్చింది.

"పెద్దమ్మా, ఆ కారు ఆసుపత్రివాళ్లది. రాత్రి డ్యూటీ ఆడపిల్లల్ని ఇళ్ల దగ్గర దింపుతుంది. మాదే ఆఖరి ఇల్లు, అందుకే అందులో నేనొక్కదాన్నే కనిపిస్తాను."

పెద్దక్క కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది. ఆ పిల్ల మిషను ముందున్న స్టూలు లాక్కుని, సరిగ్గా ఆవిడకు ఎదురుగా, ఆడవాళ్లందరి మధ్యా కూర్చుంది.

"మీ ప్రార్థన కానివ్వండి పెద్దమ్మా. మీరు కళ్లు తెరిచేదాకా నేనిక్కడే ఉంటాను."