ఉప్పు లేని నీళ్లు

మస్కట్ నుంచి వచ్చాక మా ఆయన నర్సింగానికి నల్లా చప్పుడు పడటం లేదు. నేను బిందె పెట్టి తిప్పానంటే చాలు, ముందు గదిలోంచి "ఇగో, తెస్తున్న, ఆగు" అని ఎవరికో జవాబు చెబుతాడు. వెళ్లి చూస్తే గదిలో ఆయన తప్ప ఎవరూ ఉండరు.

ఆ ఎవరో నాకు తెలుసు. అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉన్న కథలాపూర్ ప్రభాకర్. ఎండలో సెంట్రింగ్ పని చేస్తూ పడిపోయి చనిపోయాడు. వడదెబ్బ అన్నారు.

ఒక మధ్యాహ్నం ఆయనే కదిపాడు.

"నువ్వు బీఎస్సీల గీ సూక్ష్మజీవులు చదివినవ్ గదా. బాటిళ్లకు బాటిళ్లు నీళ్లు తాగినోడు ఎట్ల సస్తడే? తలకాయ నొస్తుందన్నడు, కక్కిండు, ఏందేందో మాట్లాడిండు. నేను ఇంకిన్ని నీళ్లు తాగిచ్చిన."

"ఉప్పు తింటుండెనా?"

"మానేసిండు. వాళ్లవ్వకు బీపీ. కన్నతల్లాయె, నీకు సుత అస్తది, మాను బిడ్డా అని రోజూ ఫోన్ల ఒకటే పోరు. చారుల సుత ఎయ్యనియ్యకపోతుండె. అవ్వకూచి అని నవ్వుతుంటిమి."

అక్కడితో ఊరుకోవలసింది. చదివింది నోటికి వచ్చేసింది. బ్యాక్టీరియా ఒంట్లో పొటాషియం లాంటి లవణాలుంటాయని చెప్పాను. ఉప్పునీళ్లలో పడితే వాడిపోకుండా వాటిని ఇంకా పోగుచేసుకుంటుంది. అదే వాననీళ్లలో పడితే నీళ్లు లోపలికి చొచ్చుకొచ్చి ఒళ్లు ఉబ్బుతుంది. అప్పుడు దాని పొరలో సన్నటి ద్వారాలు తెరుచుకుని, దాచుకున్న లవణాలు క్షణంలో బయటికి పోతాయి. చుట్టూ గట్టి గోడ కూడా ఉంటుంది, పగలదు. మన మెదడు కణాలకూ ఆ పని వచ్చు కానీ అంత తొందరగా చేయలేవు. చెమటలో ఉప్పు పోయి, లోపలికి వట్టి నీళ్లే వెళ్తుంటే అవి ఉబ్బుతాయి. పుర్రె మాత్రం జరిగి చోటివ్వదు.

ఆయన తన చేతులను చూసుకున్నాడు.

"వాళ్లవ్వకు తెల్సా?"

"ఎట్ల తెలుస్తది" అన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక ప్రభాకర్ తల్లి దేవవ్వ కోరుట్ల బస్సెక్కి మా ఇంటికి వచ్చింది.

"గల్ఫ్ పోతే లావైతరంటరు. నువ్వేంది నర్సింగం, ఎండిన బెండకాయ తీరుగైనవ్?"

ఆయన నవ్వబోయాడు. నేను అన్నం పెట్టాను. ఆమె కలిపింది కానీ తినలేదు.

"మా ఊరి దవాఖాన నర్సమ్మ చెప్పింది. ఎండల పనిచేసేటోళ్లు ఉప్పు మానొద్దట, పానం పోతదట. నేను మానుమన్న కొడుకా. మానేసిన అని నాతోని అన్నడు. నిజంగ మానిండా?"

ఆమె చెయ్యి కంచంలోనే ఆగింది. మా ఆయన గోడ వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు.

"వాడా? నీ మాట ఎప్పుడిన్నడవ్వా? అటు ఫోన్ పెట్టుడు, ఇటు ఉప్పుప్పగున్న మామిడికాయ తొక్కు నాకుడు. నేను తిట్టినా ఇనకపోతుండె."

"దొంగ. నాకు ఒట్టేసిండు." దేవవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నములుతూనే అడిగింది. "ఇంకేం తింటుండె?"

మా ఆయన నా వైపు చూశాడు.

"ఎండు చాపలవ్వా" అన్నాను నేను. "నాకు ఫోన్ల చెప్తుండె గీయన. గది నిండ వాసనేనట."