అమ్రోలిలో ఆగిన బండి

వ్యాన్ వెనక తలుపు తీసిన ప్రమీలకు, దుప్పటి ముసుగు మీద, తల ఉండాల్సిన చోట నెత్తుటి ముద్ద కనిపించింది.

చేతిలోని జావ గిన్నె జారి మెట్టు మీద దొర్లింది. పరుపు తడిసిపోయి రక్తం నేల మీదికి బొట్లుబొట్లుగా కారుతోంది. చిరిగిన ఆ ముసుగు లాగింది. పసుప్పచ్చని గడ్డం కనిపించింది. నుదురు లోపలికి దిగిపోయింది. ఒక కన్ను తెరుచుకునే ఉంది.

మార్టిన్!

అప్పుడు అరిచింది. పక్క షెడ్డులో మరమగ్గాల మోత ఆ అరుపును మింగేసింది.

మార్టిన్, అతని భార్య ఎల్స్ హాలండ్ నుంచి వచ్చినవాళ్లు. ఇల్లంతా బండిలోనే పెట్టుకుని దేశం తిరుగుతున్నారు. రాజస్థాన్‌లో కోతులు దూరి రొట్టెలన్నీ ఎత్తుకెళ్లాయి. భరూచ్ దగ్గర పెళ్లి ఊరేగింపు అడ్డం పడి, ఇద్దరితోనూ గర్బా ఆడించి గాని దారి వదల్లేదు. కిమ్ అనే ఊరు దాటాక క్లచ్ కాలిపోతే ఒక ట్రాక్టర్ వాడు బండిని లాక్కొచ్చి, సూరత్ అమ్రోలిలోని ఈ మగ్గాల కార్ఖానా ఆవరణలో వదిలిపెట్టి పోయాడు. సామాను దొరికేదాకా ఇక్కడే మకాం. బోరు కింద స్నానం, తెలంగాణ నుంచి వలసొచ్చిన పనివాళ్లకు ప్రమీల నడిపే మెస్సులో భోజనం, పొద్దున్నే వీధి చివర వేడివేడి శనగపిండి లోచో. తాజ్‌మహల్ కన్నా ఇదే బాగుందని మార్టిన్ ఫోన్లో ఎవరికో చెప్పి పడీపడీ నవ్వేవాడు.

ప్రమీల తమ్ముడు కమలాకర్‌తో అతనికి తెగ దోస్తీ కుదిరింది. కమలాకర్ మొన్నటిదాకా రాత్రి పాలీ, అంటే రాత్రి షిఫ్టు చేశాడు. రాత్రంతా మగ్గాల దగ్గర నిలబడ్డ వాళ్లు పగలు ఇరుకు గది ఖోలీలో ఒకరి మీద ఒకరు పడుకోవాలి. ఆ అవస్థ చూసి, తాము ఊరు చూడటానికి వెళ్లినప్పుడు బండిలో పడుకోమన్నాడు మార్టిన్. వెలుతురు పడకుండా కాలి బొటనవేలి నుంచి నెత్తి దాకా దుప్పటి ముసుగేసి పడుకోవడం రాత్రి పాలీ వాళ్ల అలవాటు. ఆ విద్య మార్టిన్‌కు కూడా పట్టుబడింది. నిన్న తిన్న మిరపకాయ బజ్జీలు కడుపులో చిచ్చు పెడితే, ఈ రోజు అలాగే ముసుగేసి ముడుచుకుని పడుకున్నాడు. ఎల్స్ ఒక్కతే క్లచ్ సామాను కోసం ఆటోలో వెళ్లింది.

తిండి గంట కొట్టారు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి.

"అక్కా, దొరకు గోలీలు తెచ్చిన. లేచిండా?" అంటూ గేటు వైపు నుంచి కమలాకర్ వచ్చాడు. మందుల కోసం గంట కొట్టడానికి కాస్త ముందే షెడ్డులోంచి బయటపడ్డాడు వాడు. లోపలికి తొంగిచూసి ఒక్క ఉదుటున బండిలోకి దూకాడు. "మాటిన్ భాయ్! ఉఠో! మాటిన్ భాయ్!" అంటూ ఆ తలను ఒళ్లోకి లాక్కున్నాడు. చొక్కా నిండా నెత్తురైంది.

అన్నానికి బయటికొచ్చిన మగ్గపు పనివాళ్లకు సరిగ్గా ఆ దృశ్యమే కంటపడింది.

"అమ్మో, దొరను సంపిండ్రా!"

"నా తమ్ముడు ఇప్పుడే అచ్చిండు! ముందు చూసింది నేను!" ప్రమీల రెక్కలు చాపి అడ్డం నిలబడింది.

"తమ్మునికి అక్కనే సాక్ష్యమా?" అని ఎవరో ఎకసెక్కమాడారు.

గుంపును తోసుకుంటూ పరుశురాం వచ్చాడు. కార్ఖానాకు మాస్టర్ అతనే. పనివాళ్లు సాంచాలనే ఈ మగ్గాలన్నీ అతని చేతి మీదే నడుస్తాయి. సేఠ్ రెండో కార్ఖానాలో మరమ్మతులుంటే మొన్ననే కిమ్ వెళ్లి, ఇప్పుడే దిగినట్టున్నాడు. ఒంటి మీది బట్టలు తడిసి ముద్దయి ఉన్నాయి. బండిలో కమలాకర్‌ను చూడగానే అతని కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. మొహంలో చుక్క రక్తం లేదు. ప్రమీల ఆ చూపు చూసింది. హంతకుణ్ణి చూసే చూపు కాదది. కాటికి పంపినవాడు తిరిగొస్తే చూసే చూపు.

మరుక్షణం పరుశురాం బండిలోకి ఎగబడి, కమలాకర్ జుట్టు పట్టి బయటికి ఈడ్చాడు.

"గీడే! గీడే సంపిండు! కొట్టుండ్రి లంజకొడుకును!"

ఇంకేం కావాలి? మొదటి దెబ్బకు కమలాకర్ పై పెదవి చీలింది. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలాడు. చెప్పులు, పిడికిళ్లు, మగ్గాలకు వాడే కట్టెలు, ఎవరి చేతిలో ఏది ఉంటే అది. పక్కటెముక విరిగిన చప్పుడు ప్రమీలకు స్పష్టంగా వినిపించింది. అందరూ ఒంటి మీద కొడుతుంటే పరుశురాం మాత్రం కడ్డీ ఎత్తి తలకే గురిపెడుతున్నాడు.

ప్రమీల అతని చేతిని పళ్లతో పట్టుకుంది. మోచేత్తో గుద్దితే ముక్కు పగిలి వెల్లకిలా పడింది. మళ్లీ లేచింది. ఇంకో రెండు దెబ్బలు పడితే తమ్ముడు ఉండడు. ఆమెకు అంతవరకే తెలుసు.

గేటు దగ్గర ఆటో ఆగింది. ఎల్స్ దిగింది. తెరిచి ఉన్న తలుపు, పరుపు, మొగుడి కన్ను చూసింది. ఆమె నోట్లోంచి వచ్చిన కేక ఏ భాషదీ కాదు. కింద నలుగుతున్న కమలాకర్‌ను చూసి పరుగున వచ్చి, "నహీ! యే నహీ!" అంటూ అతని మీద బోర్లా పడింది. ఎవరిదో కట్టె ఆమె వీపు మీద ఫెళ్లున తగిలింది. తెల్లతోలు మీద దెబ్బ పడేసరికి గుంపు జంకి అడుగు వెనక్కి వేసింది.

పరుశురాం ఒక్కడే ఆగలేదు. "జరుగమ్మా! నీకేం తెల్సు? రాత్రంత సాంచాలు నడిపి పొద్దుగాల నీ బండ్లనే పండుకున్నడు గీడు! దొరచ్చి లేపిండు, కోపమచ్చి సంపిండు!"

గుంపులో నర్సింగం అనే ముసలి పనివాడు నోరెళ్లబెట్టాడు. ప్రమీల ముక్కు నెత్తురు కొంగుతో తుడుచుకుని నిలబడింది.

"ఏమన్నవే పరుశురామన్నా? మల్లొక్కసారి అను."

"రాత్రి పాలీ చేసినోడు..."

"రాత్రి పాలీనా? నిన్ననే పాలీ మారె. పొద్దుగాల్నుంచి కమలాకర్ సాంచాల కాడనే ఉన్నడు. గీళ్లందరు చూసిండ్రు. నర్సింగం మామా, ఉన్నడా లేడా?"

"నా పక్క సాంచ మీదనే ఉండె బిడ్డా," అన్నాడు నర్సింగం. "జర ముందుగాల లేచి మందుల దుకాణానికి పోయిండు. గంతే."

ఎత్తిన కట్టెలు ఒక్కొక్కటే దిగాయి.

"పాలీ మారిందని ఈడ అందరికి ఎరుక. కిమ్‌కు పోయినోనివి, నీకొక్కనికే తెల్వదు." ప్రమీల ఒక్కో అడుగూ వేస్తూ అతని ఎదురుగా వచ్చింది. "దొరతోని ఎవ్వనికి పగ లేదు. బండ్ల ముసుగేసుకొని పండుకున్నోడు నా తమ్ముడనుకున్నోడే కొట్టిండు. నీ బట్టలెందుకు తడిసినయే? గీ ఎండల వాన పడ్డదా, నెత్తురు కడుక్కున్నవా? నీ పానా ఏది? అది లేకుంట నువ్వు ఒక్క పూటన్న తిరిగినవా?"

పరుశురాం చెయ్యి అలవాటుగా నడుముకు పోయి, ఖాళీగా ఆగిపోయింది. నర్సింగం వంగి బండి చక్రం వెనక నుంచి బరువైన పానా బయటికి లాగాడు. దాని దంతాల మధ్య పసుప్పచ్చ వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి.

ఎల్స్ ఒళ్లో కమలాకర్ మూలిగాడు. ప్రాణం ఉంది. ఆటోలో వేసుకుని పరిగెత్తండని ప్రమీల కేకేసింది. ఇందాక కొట్టిన చేతులే ఇప్పుడు వాణ్ణి ఎత్తుకున్నాయి. మిగిలినవాళ్లు పరుశురాం రెక్కలు విరిచి పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. ఎల్స్ వైపు చూశాడు, తల దించుకున్నాడు. అప్పుడు మాట్లాడాడు.

"నేనే కొట్టిన. గా అమ్మకు చెప్పుండ్రి, ఆమె పెనిమిటి మీద నాకే పగ లేదు. గాయన నాకెన్నడు అడ్డం రాలే. నా తమ్ముడు రాములు సాంచ బీము రోలర్ల ఇరికిన దారం తీస్తాంటే, చూడకుంట బటన్ నొక్కింది కమలాకర్ గాడే. చెయ్యి భుజం దాక నలిగిపాయె. ఊర్లె రాములుకు వాని పెండ్లాం బువ్వ తినిపిస్తాంది. గీడేమో 'తప్పైంది అన్నా' అని ఒక్క మాట అని మల్ల పాలీకెక్కిండు. నేను ఓర్సుకున్న. ఓర్సుకునే కిమ్‌కు పోయిన. ఆడికి ఫోన్ జేసి చెప్తడు, 'దొరలు నన్ను బండ్ల మనూరికి తీస్కపోతాండ్రు, రాములన్నను గూడ ఎక్కించి తిప్పుతమన్నా' అని. నవ్వుకుంట చెప్తడు! చెయ్యి తీస్కున్నోడే బండెక్కించి తిప్పుతడట. గంతే, నా కండ్లకు ఏం కనవడలే. వెనక గేటు నుంచి అచ్చిన. ముసుగుల పండుకోనుండె. ఎన్ని దెబ్బలు కొట్టిన్నో యాదికి లేదు. ముసుగు తీసి ఒక్కసారి మొఖం జూస్తే దొర బతికెటోడు. కమలాకర్ గాడే పండుకున్నా బతికెటోడు. మొఖం జూస్తే నా చెయ్యి లేవదని నాకెరుక. గందుకే తియ్యలే."