రెండో గేరు

కొండ దిగడం మొదలుపెట్టగానే బావ గేరు తీసి కారును న్యూట్రల్లో వదిలేశాడు. పక్క సీట్లో ఉన్న బావమరిది అది చూశాడు. వాడికి లైసెన్సు వచ్చింది ఈమధ్యే. నేర్పినాయన మాటలింకా చెవుల్లోనే ఉన్నాయి.

“బావా, రెండో గేర్లో వెయ్యి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. అస్తమానం బ్రేకు తొక్కితే వేడెక్కిపోయి పనిచెయ్యదు.”

“గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే! మీ తమ్ముడు నాకు పాఠం చెబుతున్నాడు, విన్నావా?” అన్నాడు బావ. వెనక కూర్చున్న అక్క పకపకా నవ్వింది.

కొన్ని మలుపులు తిరిగేసరికి మాడు వాసన వచ్చింది. ఆపైన బావ ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదు. గేరు వెయ్యబోతే గరగరమందే తప్ప పడలేదు. ఒక పక్క లోయ, ఇంకో పక్క కొండ. బావ స్టీరింగును బావమరిది వైపుకి తిప్పేసి, కారును కొండరాతికి కొట్టేశాడు. బావకి గీత కూడా పడలేదు. బావమరిది కాలు మోకాలి కింద నుజ్జునుజ్జయింది.

వాడు ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి మంచం చుట్టూ చుట్టాలున్నారు.

“వద్దంటున్నా వినకుండా గేరు పట్టుకుని లాగాడండీ,” అని అందరికీ చెబుతున్నాడు బావ.

“అక్కా, నువ్వు చెప్పు,” అన్నాడు వాడు.

అక్క దుప్పటి అంచు సర్దుతూ, తలెత్తకుండానే, “చిన్నప్పట్నుంచీ వీడికి దూకుడెక్కువ,” అంది.

తల నిమురుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“మీ బావకేమైనా అయ్యుంటే అక్క గతేంటిరా?” అంది.