బర్రె చాటు వేట

"తుపాకి నీ ఎనుక నడుస్తది, నువ్వు దాని ముందల నడుస్తవు. చెయ్యి జారి పేలితే ఎవరికి తగులుతది బిడ్డా? పోకు."

"నీకు పాలు పొంగినా భయమే అవ్వా," అని తల్లిని చూసి నవ్వి, వైకుంఠం బర్రెను విప్పుకొని గౌలిపుర సందు దాటిపోయాడు.

జర్మనీ లడాయి మొదలైన ఏడు, కార్తీకంలో సంగతి. చలి పడగానే మీరాలం చెరువుకు ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగుతాయి. బురదలో ముక్కు గుచ్చి పురుగులేరుకునే ఉల్లంకులు, తల మీద రెండు నల్ల చారలున్న బూడిదరంగు పెద్ద బాతులు. మనిషిని చూస్తే లేచిపోయే ఆ బాతులు ఒడ్డున మేసే బర్రెను మాత్రం లెక్కచేయవు. అందుకే గుత్తేదారు బాబురావు బర్రె చాటున నక్కుతూ పోయి కాల్చేవాడు. దాన్ని నడిపించేది వైకుంఠం.

ఆ పొద్దు బాబురావు తొందరపడ్డాడు. తుపాకి రవ్వలు వైకుంఠం ఎడమ కంట్లో దిగాయి.

"వాడే తల లేపిండు. తప్పు వాడిదే," అని చచ్చిన బాతులను సంచిలో వేసుకొని వెళ్లిపోయాడు బాబురావు.

కన్ను పోయింది. కట్టు విప్పిన నాటి నుంచి వైకుంఠం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరేమడిగినా మాట లేదు.

తల్లి సక్కుబాయి ఏడవలేదు. ఏడిస్తే కడుపులో మంట చల్లారిపోతుందని భయపడింది. పాలు పోసి రాగానే చెరువు గట్టున కూర్చుని వారం రోజులు ఆ పక్షులనే చూసింది. చేలల్లో మేసి ఎప్పుడు తిరిగొస్తాయో, ఎక్కడ వాలతాయో, అన్నీ కునుకుతుంటే మెడ నిక్కించి కాపలా కాసేది ఏదో కనిపెట్టింది. ఎనిమిదో రోజు బర్రెను తోలుకొచ్చి, అచ్చం బాబురావులాగే దాని చాటున నక్కుతూ పోయి, పాల డబ్బా మీద ఇనుప గరిటెతో బాదింది. ఒడ్డంతా లేచిపోయింది. బర్రె కూడా బెదిరింది గాని మూడో రోజుకు అలవాటు పడింది. పిట్టలూ అలవాటు పడితే ఎలా అని సక్కుబాయికి భయం. మరింత గట్టిగా బాదేది.

పుష్యంలో బాబురావు మళ్లీ గడప ముందు నిలబడ్డాడు. "రేపు మా పెద్ద సాబ్ వస్తుండు. కొత్త గుత్త ఆయన చేతులనే ఉంది. బర్రె గావాలె."

"నేనే తోలుకొస్త సేటూ."

పొద్దున ముగ్గురూ బర్రె వెనక వంగి నడిచారు. గట్టు మలుపు తిరిగీ తిరగకముందే కాపలా బాతు అరిచింది. చెరువంతా రెక్కలే. అవతలి ఒడ్డుకు పోయారు, అక్కడా అంతే. మోకాళ్ల దాకా బురదైన సాబ్ లేచి నిలబడ్డాడు.

"క్యా మియా, షికారన్నవు, నాకు బురద పూయనీకి తెచ్చినవా? గుత్త సంగతి ఇగ మరిచిపో."

మోటారు ఆయనొక్కడినే ఎక్కించుకొని వెళ్లిపోయింది. బాబురావు సక్కుబాయి మీదికి తిరిగాడు. "నీ బర్రెను జూసి గిట్ల బెదురుతున్నయేంది?"

"తప్పు వాటిదే సేటూ. తల లేపినయి."

ఇంటికొచ్చి కొడుకు వీపుకు అంతా చెప్పింది. "ఇన్నవా బిడ్డా?" అంది. గోడ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు. పొయ్యి రాజేసింది, అన్నం వార్చింది. లోపల్లోపలే చచ్చిపోయాడేమో, పగ తీర్చుకున్నది శవానికి చెప్పుకుంటున్నానేమో అనుకుంది.

మంచం కిర్రుమంది.

"వాడు ఊకోడే అవ్వా. ఇంకో బర్రెను మాట్లాడుకొని రేపు సరూర్‌నగర్ చెరువుకు పోతడు. గక్కడి బాతులకు బర్రె సంగతి ఇంకా ఎరుక లేదు. లే, పోదాం. డబ్బా నేను కొడుత."